ఆకాశపు కరెంటుకు లాకు: ఐనోస్ఫియర్‌ను వేడిచేస్తే పుట్టే రేడియో తరంగాల లెక్క

సంక్షిప్తంగా: భూమికి సుమారు అరవై కిలోమీటర్ల పైన, విద్యుదావేశ కణాలుండే వాతావరణ భాగమే ఐనోస్ఫియర్. నేల మీది ట్రాన్స్‌మిటర్‌తో ఐనోస్ఫియర్‌ను వేడిచేసి తక్కువ పౌనఃపున్య రేడియో తరంగాలను పుట్టించవచ్చు. ఇది 1974 నాటికే ప్రయోగంలో తేలింది. ఆ తరంగానికి మూలమైన విద్యుత్ ప్రవాహం మాత్రం ప్రకృతి ఇచ్చినది. మనిషి పంపే శక్తి దాన్ని కొద్దిగా హెచ్చించి తగ్గించగలదు, అంతే. లక్షల వాట్లు పైకి పంపితే చేతికి వచ్చేది కొన్ని పదుల వాట్ల లోపే. ఇంత తక్కువ ఎందుకో, తుపానులతో దీనికి సంబంధం ఎందుకు లేదో, విశాఖ ఆకాశంలో ఇది ఎందుకు పనిచేయదో గణిత నమూనాలు వివరిస్తాయి.

విశాఖపట్నంలో రెండు పేర్లు కొంతకాలంగా కలగలిసిపోతున్నాయి. మొదటిది దామగుండం. వికారాబాద్ జిల్లాలోని ఆ అడవిలో నౌకాదళ వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళం ఆ స్థలాన్ని ఎంపిక చేసింది కాబట్టి ఆ చర్చ ఇక్కడికీ చేరింది. రెండోది హార్ప్. అమెరికాలోని అలాస్కాలో ఐనోస్ఫియర్‌ను వేడిచేసే పరిశోధన కేంద్రమిది. బంగాళాఖాతంలో తుపాను పుట్టిన ప్రతిసారీ సోషల్ మీడియాలో దాని పేరు తిరుగుతుంది. రెండింటిలోనూ తక్కువ పౌనఃపున్య తరంగాల ప్రస్తావన ఉంది కనుక రెండూ ఒకటేనన్న భావన ఏర్పడుతోంది. నిజానికి రెండూ వేర్వేరు యంత్రాలు, వేర్వేరు సూత్రాలు. వార్తల్లో రాడార్ అని రాస్తున్నా, వీఎల్ఎఫ్ కేంద్రం చేసే పని వెతకడం కాదు. అది జలాంతర్గాములకు సందేశం పంపే ప్రసార కేంద్రం.

సముద్రం ఎంత మింగుతుంది

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూసినవారికి మొదట తోచే ప్రశ్న, నీటి అడుగున ఉన్నప్పుడు ఒడ్డుతో ఎలా మాట్లాడతారన్నది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. అందుకే రేడియో తరంగం అందులోకి దిగగానే నీరసిస్తుంది. తరంగ బలం మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలే లోతును లెక్కవేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. షార్ట్‌వేవ్ రేడియో వాడే 5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ లోతు సుమారు 11 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. 18.2 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 1.9 మీటర్లు. 76 హెర్ట్జ్ దగ్గర 29 మీటర్లు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ తరంగం లోతుకు దిగుతుంది.

అయితే తరంగాన్ని పంపడం అంతకంతకూ కష్టమవుతుంది. 18.2 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు పదహారున్నర కిలోమీటర్లు. యాంటెన్నా సమర్థంగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు ఎత్తు, అంటే 4 కిలోమీటర్లు ఉండాలి. అది సాధ్యం కాదు గనుక ఎత్తైన స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య తీగలను పందిరిలా పరచి ఆ లోటు పూడుస్తారు. తమిళనాడులో తిరునల్వేలి జిల్లా విజయనారాయణం వద్ద 1990లో మొదలైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం ఇలాంటిదే. దామగుండంలో కట్టేది ఈ కోవలో దేశానికి రెండోది. అక్కడ అడవి పోతుందా, ఎన్ని చెట్లు పోతాయన్నది దాని సొంత యోగ్యతపై తేల్చుకోవలసిన గట్టి ప్రశ్న. ఐనోస్ఫియర్ వేడికి దాన్ని ముడిపెడితే అసలు ప్రశ్నకే నష్టం.

76 హెర్ట్జ్‌కు వస్తే తరంగం పొడవు దాదాపు 3,950 కిలోమీటర్లు. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువ. అమెరికా నౌకాదళం విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల అడవుల్లో పదుల కిలోమీటర్ల మేర తీగలు వేసి 1989 నుంచి 2004 వరకు ఈ పౌనఃపున్యంలో ప్రసారం చేసింది. మూడక్షరాల సంకేతం పంపడానికే పావుగంట పట్టే వ్యవస్థ అది. ఇంత తంటాలు పడే బదులు ఆకాశంలోనే ఒక యాంటెన్నాను తయారుచేసుకోలేమా అన్న ఆలోచన ఈ ఇబ్బంది వల్లే బలపడింది.

రెండు స్టేషన్లు ఒకదాన్నొకటి కలుషితం చేసుకున్న రోజు

మీడియం వేవ్ రేడియో వినే అలవాటున్నవారికి ఐనోస్ఫియర్ పరిచయమే. పగలు 927 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం, చుట్టుపక్కల ఒకటి రెండు కేంద్రాలు తప్ప వేరేవి అంతగా పలకవు. రాత్రి ముల్లు తిప్పితే ఎక్కడెక్కడి భాషలో వినిపిస్తాయి. 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర పగటిపూట ఈ తరంగాలను పీల్చేస్తుంది. సూర్యుడు దిగిపోగానే ఆ పొర పలచబడుతుంది, తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి దూరంగా వచ్చి పడతాయి.

పీల్చుకున్న ఆ శక్తి ఎక్కడికి పోతుంది? 1933లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో బెర్నార్డ్ టెలెగెన్ ఒక వింతను గమనించారు. స్విట్జర్లాండ్‌లోని బెరోమున్‌స్టర్ స్టేషన్ పెట్టుకుంటే, దాని వెనుక లక్సెంబర్గ్ స్టేషన్ కార్యక్రమం లీలగా వినిపించింది. రెండింటి పౌనఃపున్యాలు వేరు. రేడియో సెట్టులో లోపమూ లేదు. శక్తిమంతమైన లక్సెంబర్గ్ ప్రసారం దారిలోని ఐనోస్ఫియర్‌ను తన స్వరానికి తగ్గట్టు వేడెక్కిస్తూ, చల్లారనిస్తూ ఉంది. ఆ పొరగుండా వెళ్తున్న రెండో స్టేషన్ తరంగం ఆ హెచ్చుతగ్గులను ఒంటబట్టించుకుంది. దీన్నే లక్సెంబర్గ్ ప్రభావం అంటారు. మరుసటి ఏడాదే బెయిలీ, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్లు వేడెక్కడమే ఇందుకు కారణమని వివరించారు.

ఈ ఘటనలో మొత్తం సూత్రం ఇమిడి ఉంది. పంపే శక్తిని బట్టి మాధ్యమం గుణం మారిపోతోంది. మారని మాధ్యమంలోకి ఏ పౌనఃపున్యం పంపితే అదే బయటికి వస్తుంది. మారే మాధ్యమంలో మాత్రమే కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. 1974లో సోవియట్ నగరం గోర్కీలో గెత్‌మాంత్సెవ్ బృందం షార్ట్‌వేవ్ కిరణాన్ని వెలిగించి ఆర్పుతూ, ఆ లయకు సరిపోయే తక్కువ పౌనఃపున్య తరంగాన్ని నేల మీద పట్టుకుంది. తరువాత నార్వేలోని ట్రోమ్సోలో, రష్యాలోని సూరాలో, అలాస్కాలో ఈ పని విస్తరించింది.

లాకు ఎవరిది, నీరు ఎవరిది

ధ్రువకాంతులు కనిపించే ప్రాంతాల్లో, సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున, సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ధార) తోడ్పాటుతో భారీ విద్యుత్ ప్రవాహాలు సాగుతుంటాయి. వాటిని ఎలక్ట్రోజెట్ అంటారు. గోదావరి కాలువ మీద లాకు తలుపు ఎత్తి దించితే దిగువన నీటిమట్టం పెరిగి తగ్గుతుంది. ఆ నీళ్లు ఎగువన కురిసిన వానలవి. లాకు తిప్పిన మనిషి బలం తలుపును కదిలించేంత వరకే. ఐనోస్ఫియర్ హీటర్ చేసే పని కూడా అదే. షార్ట్‌వేవ్ కిరణం డి పొరలోని ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తుంది. వేడెక్కిన ఎలక్ట్రాన్లు గాలి అణువులను మరింత తరచుగా ఢీకొంటాయి. దానితో ఆ చోట విద్యుత్ వాహకత మారుతుంది. అక్కడ సహజంగా పారుతున్న కరెంటు దారి కొద్దిగా మళ్లుతుంది. కిరణాన్ని సెకనుకు రెండు వేల సార్లు వెలిగించి ఆర్పితే ఆ కరెంటు కూడా రెండు వేల సార్లు ఊగుతుంది. ఊగే కరెంటు అంటే యాంటెన్నాయే. తీగ అక్కర్లేదు, స్తంభం అక్కర్లేదు.

కాలువ ఎండిపోతే లాకు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఎలక్ట్రోజెట్ బలహీనంగా ఉన్న రోజున హీటర్ పూర్తి శక్తితో నడిచినా నేల మీది రిసీవర్‌కు దాదాపు ఏమీ చిక్కదు. సమాచార వ్యవస్థగా ఈ పద్ధతి నిలదొక్కుకోకపోవడానికి ఇదే పెద్ద కారణం. అవసరమైన వేళకు ఆకాశం సహకరిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

కిలోమీటరు మందపు పలకలుగా ఆకాశం

నమూనా కట్టేవారు ఐనోస్ఫియర్‌ను సన్నటి పలకలుగా కోస్తారు, ఉదాహరణకు కిలోమీటరుకు ఒకటి. ప్రతి పలకలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయి, గాలి సాంద్రత ఎంత, ఉష్ణోగ్రత ఎంత, భూ అయస్కాంత క్షేత్రం ఏ వైపు ఎంత బలంగా ఉంది అన్నవి ముందుగా ఇవ్వాలి. ఆపైన షార్ట్‌వేవ్ తరంగాన్ని కింది పలక నుంచి పైకి నడిపిస్తారు.

75 కిలోమీటర్ల ఎత్తులోని ఒక పలకను దగ్గరగా చూద్దాం. అక్కడ ఒక్కో ఎలక్ట్రాన్ సెకనుకు ఇరవై లక్షల సార్లకు పైగా గాలి అణువులను ఢీకొంటుంది. తరంగం దాన్ని ఊపుతుంది, ఊగుతూ ఢీకొన్నప్పుడల్లా ఆ క్రమబద్ధమైన కదలిక చెదిరి వేడిగా మారుతుంది. ఇది రాబడి. మరోవైపు ఖర్చు ఉంది. ఎలక్ట్రాన్ తన శక్తిలో కొంత నైట్రోజన్, ఆక్సిజన్ అణువులకు ఇచ్చేస్తుంది, అవి గిరగిరా తిరగడానికి, కంపించడానికి ఆ శక్తి పోతుంది. రాబడిలోంచి ఖర్చు తీసివేస్తే మిగిలేదే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతలో పెరుగుదల. ఇంటి బడ్జెట్ లాంటి ఈ ఒక్క సమీకరణమే నమూనాకు గుండె. మొదట సుమారు 200 కెల్విన్ దగ్గర ఉన్న ఎలక్ట్రాన్లు ఎన్నో రెట్లు వేడెక్కవచ్చు. అయినా ఆ గాలి వేడెక్కదు. ఆ ఎత్తులో ఇంచుమించు లక్ష కోట్ల అణువులకు ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. ఊరంతటిలో ఒక్కరి జేబు నిండితే ఊరు ధనవంతమైపోదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వేడెక్కిన పలక తరంగాన్ని మునుపటి కన్నా ఎక్కువగా పీలుస్తుంది. అప్పుడు పై పలకకు అందేది తగ్గుతుంది. అందుకే ట్రాన్స్‌మిటర్ శక్తిని రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాకపోవచ్చు. అదనపు శక్తి కింది పలకల్లోనే ఖర్చైపోతుంది, కరెంటు ఉన్నది వాటికి పైన. కింది పలక ఉష్ణోగ్రత తేలితే గాని పైదానికి ఎంత చేరిందో తెలియదు, క్షణక్షణానికీ ఈ లెక్క మళ్లీ చేయాలి.

వేడెక్కే వేగం, చల్లారే వేగం కూడా ముఖ్యం. దోశ పెనం కింద మంటను నిమిషానికి ఒకసారి పెంచి తగ్గిస్తే పెనం వేడిలో తేడా తెలుస్తుంది. సెకనుకు ఒకసారి చేస్తే పెనం ఒకే వేడి మీద నిలిచిపోతుంది. డి పొర ఎలక్ట్రాన్లు చాలా చురుకైనవి. మిల్లీసెకనులో చిన్న భాగంలోనే వేడెక్కుతాయి, మిల్లీసెకను అటూ ఇటూగా చల్లారుతాయి. అందుకే కిలోహెర్ట్జ్ స్థాయి లయను అందుకోగలవు. ఇంకా వేగం పెంచితే చల్లారే వ్యవధి చాలక, వేడి ఒక స్థాయిలో నిలిచిపోయి ఊగే భాగం తగ్గిపోతుంది. కిరణాన్ని కచ్చితంగా సగం సేపు వెలిగించి సగం సేపు ఆర్పినా, వేడెక్కే తీరు, చల్లారే తీరు వేరు కాబట్టి అనుకోని అనుస్వరాలు (అసలు లయకు రెట్టింపు, మూడు రెట్లు వంటి పౌనఃపున్యాలు) కూడా పుడతాయి. కొలతల్లో ఆ అనుస్వరాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూసి, నమూనా సరిగా ఉందో లేదో తేల్చుకోవచ్చు.

ఉష్ణోగ్రత తేలాక వాహకత లెక్క. అయస్కాంత క్షేత్రంలో కరెంటు ఒకే దిశలో పోదు. విద్యుత్ క్షేత్రం వెంట కొంత, దానికి అడ్డంగా కొంత పోతుంది. ఎలక్ట్రాన్లు తరచుగా ఢీకొనడం పెరిగితే డి పొరలో మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. ఈ మార్పును అక్కడి విద్యుత్ క్షేత్రంతో గుణిస్తే ఊగే కరెంటు వస్తుంది. ఇక మిగిలిన పని ఆ కరెంటు నుంచి వెలువడే తరంగాన్ని నేలకూ ఐనోస్ఫియర్‌కూ మధ్య ఉన్న గొట్టం లాంటి ఖాళీలో నడిపించడం. ఈ ఖాళీకి తనదైన స్వరం ఉంది. 75 కిలోమీటర్ల ఎత్తులో సరిగ్గా సగం తరంగం ఇమడాలంటే తరంగం పొడవు 150 కిలోమీటర్లు ఉండాలి. అంటే విశాఖ నుంచి కాకినాడను దాటిపోయే దూరం. కాంతి వేగాన్ని దానితో భాగిస్తే 2,000 హెర్ట్జ్ వస్తుంది. ప్రయోగాల్లో 2 కిలోహెర్ట్జ్ పరిసరాల్లోనే సంకేతం గట్టిగా వినిపించడానికి ఇదొక ప్రధాన కారణం. నమూనా ముందే చెప్పగలిగిన ఫలితాల్లో ఇంత చక్కగా కుదిరినవి అరుదు.

వచ్చేది ఎంత

హార్ప్ కేంద్రం గకోనా అనే చోట ఉంది. దాని నిర్మాణం 1993లో మొదలై 2007లో పూర్తయింది. 180 యాంటెన్నాలు, గరిష్ఠ శక్తి 3.6 మెగావాట్లు. పూర్తికాక ముందు, 960 కిలోవాట్ల దశలో జరిగిన ప్రయోగంలో 2,125 హెర్ట్జ్ సంకేతాన్ని 4,400 కిలోమీటర్ల దూరాన పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో పట్టుకోగలిగారు. అక్కడి కొలతను బట్టి వెనక్కి లెక్కిస్తే ఆకాశపు యాంటెన్నా వెలువరించిన శక్తి 4 నుంచి 32 వాట్లు. అంటే పంపిన శక్తిలో లక్ష వంతులకు మహా అయితే మూడు వంతుల పైచిలుకు. 32 వాట్లు అంటే ఇంట్లో ఒక పొదుపు ఫ్యాను తినేంత.

నేల మీద ఈ సంకేతాలను పికోటెస్లాలలో కొలుస్తారు. విశాఖ దగ్గర భూ అయస్కాంత క్షేత్రాన్ని నాలుగు కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక పికోటెస్లా. దీన్ని వినాలంటే ప్రపంచమంతా ఎడతెగక మెరిసే మెరుపుల హోరులోంచి ఏరుకోవాలి. మెరుపు దానంతట అదే గొప్ప తక్కువ పౌనఃపున్య ట్రాన్స్‌మిటర్. మే నెల సాయంత్రం విశాఖ కొండల మీద ఉరిమే మేఘం ఒక్కటి చాలు, అలాస్కా సంకేతం అందులో మునిగిపోతుంది.

ఫలితాన్ని పెంచే ఉపాయాలు నమూనాల్లోంచే వచ్చాయి. కిరణాన్ని ఆర్పకుండా, ఆకాశంలో ఒక ప్రాంతం మీద బ్రష్‌తో రంగు వేసినట్టు తిప్పుతూ ఉంటే ఒక్కో చోటు వేడెక్కి చల్లారడానికి వేర్వేరు సమయాలు దొరుకుతాయి. ట్రాన్స్‌మిటర్ మాత్రం ఖాళీగా ఉండదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2008లో ఈ పద్ధతిని హార్ప్ వద్ద పరీక్షించి, 3 కిలోహెర్ట్జ్ పైబడిన తరంగాల్లో మంచి మెరుగుదల చూపారు. తరంగాన్ని కోరిన దిక్కుకు కొంత మళ్లించడమూ వీలైంది.

తుపాను ప్రశ్న

దీనికి జవాబు చిన్నదే. వాతావరణం మారేది సుమారు 18 కిలోమీటర్ల లోపు. షార్ట్‌వేవ్ తరంగం ఆ గాలిని దాదాపు తాకకుండా దాటిపోతుంది, అది ఆగేది చాలా పైన. హార్ప్ కిరణం ఐనోస్ఫియర్ చేరేసరికి చదరపు మీటరుకు 0.03 వాట్ల లోపే. వాతావరణపు పై అంచుకు చేరే సూర్యరశ్మి చదరపు మీటరుకు 1,361 వాట్లు. పూర్తి శక్తి 3.6 మెగావాట్లు అంటే పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రపు 2,000 మెగావాట్లలో ఐదు వందల యాభయ్యో వంతు. పూర్తిస్థాయి తుపానులో నీటి ఆవిరి మేఘాలుగా మారేటప్పుడు వెలువడే వేడిని శాస్త్రవేత్తలు 60 కోట్ల మెగావాట్లుగా లెక్కగట్టారు. విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ ఏడాది జూన్‌తోనే హార్ప్‌లో సైన్యం ఆధ్వర్యంలోని ప్రయోగాలు ముగిశాయి. 2015 ఆగస్టులో దాన్ని అలాస్కా విశ్వవిద్యాలయం తీసుకుంది. హుద్‌హుద్‌కు కావలసిన శక్తి అంతా వేడెక్కిన బంగాళాఖాతంలోనే ఉంది.

విశాఖ నడినెత్తిన

ఇదే ప్రయోగాన్ని విశాఖ నుంచి చేయగలమా? నమూనాను ఈ అక్షాంశానికి మార్చి నడిపితే జవాబు నిరాశగానే వస్తుంది. భారతదేశం మీద కూడా ఒక ఎలక్ట్రోజెట్ ఉంది. దేశపు దక్షిణ కొస మీదుగా సాగే అయస్కాంత భూమధ్యరేఖకు అటూ ఇటూ మూడేసి డిగ్రీల మేర, పగటిపూట మాత్రమే, నూరు కిలోమీటర్లకు పైన అది పారుతుంది. 1963లో రాకెట్ కేంద్రానికి కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి ఈ ప్రవాహాన్ని దగ్గరగా చదవాలన్న కోరికే కారణం. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉంది, ఆ పట్టీకి చాలా దూరం. ఇక్కడి ఆకాశంలో పగలు పలుచగా పరచుకున్న మామూలు ప్రవాహం ఉంది గాని, లాకు వేయడానికి తగిన ఉరవడి లేదు.

తిరునల్వేలి దగ్గర కరెంటు ఉన్నా ఇంకో అడ్డంకి ఎదురవుతుంది. ప్రవాహం మధ్యాహ్నం బలంగా ఉంటుంది. డి పొర కూడా అప్పుడే దట్టంగా ఉండి షార్ట్‌వేవ్ శక్తిని కిందనే పీల్చేస్తుంది. రాత్రి పొర పలచబడే సరికి కరెంటు ఉండదు. ధ్రువ ప్రాంతాల్లో రాత్రి కూడా ఎలక్ట్రోజెట్ పారుతుంది కాబట్టి అక్కడ ఈ వైరుధ్యం లేదు.

నమూనాల అసలు బలహీనత కూడా డి పొరలోనే ఉంది. ఎలక్ట్రాన్ల సంఖ్య తప్పుగా ఇస్తే ఆ పైన ఎంత కచ్చితమైన గణితం చేసినా ఫలితం తప్పుతుంది. బెలూన్లు అంత ఎత్తుకు పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి నిలవలేవు. రాకెట్ వేస్తే కొన్ని నిమిషాల కొలత దక్కుతుంది. రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో పొరలను కొలిచే నేల మీది ఐనోసోండ్‌కు ఈ పలచని పొర సరిగా చిక్కదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు నెలకొల్పిన పరిశోధన వల్ల వాల్తేరు పేరు ఐనోస్ఫియర్ శాస్త్ర సాహిత్యంలో దశాబ్దాల క్రితమే చేరింది. అప్పటి పనిలో ఎక్కువ భాగం ఇంకా పైనున్న పొరల గురించే.

డి పొరను అందుకునే చవకైన దారి ఒకటి వీఎల్ఎఫ్ కేంద్రాలే ఇచ్చాయి. విజయనారాయణం నుంచి వెలువడే 18.2 కిలోహెర్ట్జ్ తరంగం నేలకూ డి పొరకూ మధ్య పరావర్తనం చెందుతూ సుమారు 1,200 కిలోమీటర్లు దాటి విశాఖ వరకూ వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి చెక్క చట్రం మీద చుట్టిన రాగి తీగ, చిన్న యాంప్లిఫయర్, కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు చాలు. సౌండ్ కార్డు సెకనుకు 48 వేల కొలతలు తీయగలదు, 24 కిలోహెర్ట్జ్ వరకు దానికి అందుతుంది. సూర్యోదయ వేళ, సంకేత బలాన్ని చూపే గీత ఒక్కసారి లోయలా దిగి మళ్లీ లేస్తుంది. సూర్యుడిపై జ్వాల ఎగిసిన ఎనిమిది నిమిషాలకు ఎక్స్ కిరణాలు తగిలి డి పొర చిక్కబడితే, గీత ఉన్నట్టుండి వంగి, అరగంటో గంటో పట్టి మెల్లగా మామూలు స్థితికి వస్తుంది. ఆ వంపు నుంచి వెనక్కి లెక్కిస్తే 70, 75 కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. హీటర్ నమూనాలో మొదటి గడిలో నింపవలసిన అంకె అదే.